చిత్రావతి ఎర్రనీళ్ళు

చెన్నేకొత్తపల్లి దగ్గరపడుతుండగా వాన పట్టుకుంది. సెప్టెంబరు సాయంత్రం. గంటసేపు కూడా కురవలేదు గాని, కురిసినంతసేపూ ఎదురుగా రోడ్డు కనపడలేదు. తెరిపి ఇచ్చాక ఒక కల్వర్టు పక్కన ఆగి కిందికి దిగాను. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే వంక ఒడ్డుల నిండా పారుతోంది. నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. దోసిట్లోకి తీసుకుంటే వేళ్ళకు జిగురు తగిలింది. నీళ్ళు జారిపోయాక అరచేతిలో సన్న ఇసుక, రెండు మూడు ఎండిన గడ్డిపరకలు మిగిలాయి. ఈ వంక చిత్రావతిలో కలుస్తుంది. చిత్రావతి పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం, పార్నపల్లె మీదుగా పోయి గండికోటకు ఎగువన పెన్నలో పడుతుంది. దారి పొడవునా ఆ రంగు దానికి చేలే ఇస్తున్నాయి.

అనంతపురం అంటే కరువు అని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చినవాళ్ళం. వానే లేని సీమలో వాన మట్టిని కోసుకుపోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఉమ్మడి జిల్లాకు ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ముప్ఫై నలభై రోజుల్లోనే కురుస్తుంది. అందులో సగం నాలుగైదు గట్టి వానల్లో వచ్చేస్తే ఇక్కడివాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. మిగిలిన ఏడాదంతా ఎండ, గాలి.

1958లో వాల్టర్ లాంగ్‌బీన్, స్టాన్లీ షుమ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు నదులు మోసుకొచ్చే మట్టినీ, ఆ నదుల పరీవాహక ప్రాంతాల్లో కురిసే వాననూ పక్కపక్కన పెట్టి ఒక గీత గీశారు. ఎడారిలో వాన లేదు, కాబట్టి పారే నీరు లేదు, మట్టి పెద్దగా కదలదు. వాన పెరిగేకొద్దీ కొట్టుకుపోయే మట్టి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక గడ్డి, పొదలు, చెట్లు నేలను కప్పేస్తాయి, అక్కడి నుంచి మట్టి నష్టం తగ్గుముఖం పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ మట్టి పోయేది ఆ రెంటి నడుమ, ఏడాదికి 300 మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడే చోట. ఆ లెక్క సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ ఉండే చల్లటి ప్రదేశాలకు వేసింది. వేడి ఎక్కువైతే ఆవిరయ్యే నీరు ఎక్కువవుతుంది, అంతే గడ్డి మొలవాలంటే మరింత వాన కావాలి. కనుక వేడి ప్రాంతాల్లో ఆ ఎత్తైన బిందువు ఎక్కువ వానవైపు జరుగుతుంది. సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలు దాటే అనంతపురానికి ఈ 550 మిల్లీమీటర్లు దాదాపు ఆ ప్రమాదపు చోటే. నేలను కోయడానికి సరిపోయే వాన ఉంది. నేలను కప్పే గడ్డిని ఏడాదంతా నిలబెట్టేంత వాన లేదు.

తర్వాత వచ్చినవాళ్ళు మిగతా ఖండాల నదులను కూడా చూసి, గీత ఇంత సూటిగా ఉండదని, కొండ వాలు, రాతి గుణం, మనిషి చేసిన సేద్యం దాన్ని చాలా మారుస్తాయని చెప్పారు. అది సరైన సవరణే. అయినా ఈ సీమలో వంక వెంట తిరుగుతున్నంతసేపూ నా మనసులో ఆ గీతే మెదిలింది.

వంక గట్టెక్కితే వేరుశనగ చేను. ఇక్కడివాళ్ళ మాటలో చెనిక్కాయ. చేను గలాయన గెనెం మీద నిలబడి తెగిన చోట రాళ్ళు పేరుస్తున్నాడు. వాన మంచిదేనా అని అడిగాను. “పంటకు మంచిదే సార్. మన్నుకే కాదు” అన్నాడు. గెనెం మీది వేపచెట్టును చూపించాడు. దాని వేళ్ళు కిందివైపు జానెడు మేర గాలిలో ఉన్నాయి. తాను మడక పట్టిన కొత్తలో ఆ వేళ్ళు కనపడేవి కావట. మట్టి ఎంత పోయిందో చెప్పడానికి శాస్త్రజ్ఞులు కూడా బయటపడిన వేళ్ళనే కొలుస్తారు.

దేశం మొత్తానికి 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కట్టిన అంచనా ప్రకారం ఏటా హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా మట్టి చోటు మారుతోంది. అందులో దాదాపు 29 శాతం సముద్రంలో కలుస్తోంది, 10 శాతం జలాశయాల అడుగున చేరుతోంది, మిగతాది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతోంది. వినడానికి 16 టన్నులు పెద్ద లెక్క. చేలో నిలబడి చూస్తే అది మిల్లీమీటరు పైచిలుకు మందం. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు మట్టి అంటే 10 ఘనపు మీటర్లు, సుమారు 15 టన్నులు. ఏడాదికి మిల్లీమీటరు తరిగితే ఏ రైతు కంటికీ ఆనదు. ఒక తరం గడిచేసరికి మడక నాటే లోతు తగ్గి, కింది గరుసు పైకి తేలుతుంది. అంగుళం మట్టి మళ్ళీ తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది.

పోయే మట్టి కూడా అన్నీ కలిసి పోదు. మొదట తేలికైనది పోతుంది: సన్న బంకమట్టి, కుళ్ళిన ఆకూ అలమూ, వాటిని అంటుకొని ఉన్న సారం. పెద్ద చినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 9 మీటర్ల దాకా ఉంటుంది. బోసి నేల మీద పడితే మట్టి గడ్డను పగలగొట్టి, రేణువులను చుట్టూ చిమ్ముతుంది. ఆ సన్న రేణువులు నేల రంధ్రాల్లో దూరి మూసేస్తాయి. అనంతపురం ఎర్రనేలలకు ఈ గుణం మరీ ఎక్కువ. వాన వెలిసి ఎండ కాయగానే పైన గట్టి పొర కడుతుంది. ఆ తర్వాతి వాన లోపలికి ఇంకక జారిపోతుంది. అదే చినుకు గడ్డిపోచ మీదో, ఎండుటాకు మీదో పడితే దాని బలం అక్కడే తీరిపోతుంది.

చెనిక్కాయ సంగతి ఇక్కడ కొంచెం విడమరచి చెప్పాలి. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఈ ఒక్క పంటే వేసేవారు. ఇప్పుడు తగ్గినా ఇంకా ప్రధాన పంటే. జూన్, జూలైలో పదును చూసి విత్తుతారు. నెలన్నర దాటాక మొక్కలు గుబురుగా కమ్ముకుని నేలను బాగానే కాస్తాయి. చిక్కు ముందూ వెనకా. విత్తడానికి ముందు గుంటక తోలి చదును చేసిన నేల మీద తొలివాన పడుతుంది, అప్పటికి పరక కూడా ఉండదు. అక్టోబరు, నవంబరులో పంట తీసేటప్పుడు చెట్టును వేరుతో సహా పెరుకుతారు. నేలంతా గుల్లవుతుంది. కట్టె పశువుల మేతకు పోతుంది. చేలో మిగిలేది ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వాన వస్తుంది. మునుపు కొర్ర, సజ్జల నడుమ కంది, అలసంద కలిపి విత్తేవారు. కొర్ర కోసినా మొదళ్ళు నేలలో ఉండేవి, కంది చలికాలం చివరిదాకా చేలో నిలిచేది. పంటల ధరల గురించి, బీమా గురించి రాసినంతగా ఈ రెండు బోసి నెలల గురించి మనం రాయలేదు.

మర్నాడు కల్పవల్లి వెళ్ళాను. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాల మధ్య కొండల వరస అది. 1990ల మొదట్లో ఇవి రాళ్ళు తేలిన బోడి గుట్టలు. ముష్టికోవెల, దాని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి ఆ గుట్టలను కాపాడుకోవడం మొదలుపెట్టారు. మొక్కలు నాటడం కంటే ముందు వాళ్ళు చేసింది కాపలా. చెట్టు నరకనివ్వలేదు. వేసవిలో నిప్పు పడకుండా కొండవాలు మీద అడ్డంగా గడ్డి చెక్కి ఖాళీ బాటలు తీశారు. మేతను అదుపులో పెట్టుకున్నారు. నేలలో ఎప్పటి నుంచో దాగి ఉన్న విత్తనాలు, వేళ్ళు తమంతట తాము లేచాయి. ఇప్పుడు వేల ఎకరాల్లో గడ్డి, తంగేడు, రేగు, సీతాఫలం, కానుగ, వేప. వంకల వెంట ఈతచెట్లు గుంపులు గుంపులుగా నిలబడ్డాయి.

అడవి అంటే ఆకాశం కనపడని చెట్లని ఊహించుకుని వస్తే కల్పవల్లి నిరాశపరుస్తుంది. ఇక్కడ చెట్లు చెదురుమదురు. కొండను మూసింది గడ్డి. నడుము ఎత్తు గడ్డిలో నడుస్తుంటే అడుగు ఎక్కడ పడుతోందో తెలియదు. ఒకచోట కూర్చుని మొదళ్ళు విడదీసి చూశాను. పోయినేడు రాలిన పరకలు, చెత్త మొదళ్ళకు అడ్డంపడి వేలెడు పొడవు కట్టలుగా పేరుకుని ఉన్నాయి. ఒక్కో కట్ట వెనక చెంచాడు మన్ను ఆగి ఉంది. చీమల రంధ్రాలు, చెదలు తవ్విన దారులు, కుళ్ళిన వేళ్ళు వదిలిన సందులు నేలంతా ఉన్నాయి. చేలో మాదిరి పొర ఇక్కడ కట్టలేదు. వేలు పెడితే దిగింది.

నిన్నటి వానే ఇక్కడా కురిసింది. కొండల్లోంచి వచ్చే ఒక పాయ దగ్గర నిలబడ్డాను. వాన వెలిసి రాత్రి గడిచిపోయినా అది ఇంకా సన్నగా పారుతూనే ఉంది. నీళ్ళు లేత తేనీటి రంగులో ఉన్నాయి గాని అడుగు గులకరాళ్ళు కనపడుతున్నాయి. నిన్న నేను దోసిట పట్టిన ఎర్రటి వంక ఈపాటికి ఎండిపోయి ఉంటుంది. మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దామె నేను నీళ్ళనే చూస్తూ ఉండడం గమనించి దగ్గరికొచ్చింది. సంగతి చెప్పాను. “గడ్డి ఉంటే నీళ్ళు నడిచిపోతాయి నాయనా, లేకుంటే ఉరికిపోతాయి” అంది. నీటి వేగం రెట్టింపయితే అది ఈడ్చుకుపోయే రాయి, మట్టి పరిమాణం రెట్టింపు కంటే ఎన్నో రెట్లు పెరుగుతుందని పాఠాల్లో చదువుకున్నాం. ఆమె చెప్పిందీ అదే.

చెట్లు నాటడం మీద మనకున్న మోజుకు ఈ కొండ ఒక జవాబు. కిందంతా ఊడ్చినట్టుండే టేకు తోట మట్టిని కాపాడలేదు. వెడల్పాటి ఆకు మీద చినుకులు కలిసి మరింత పెద్ద బొట్లవుతాయి. ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి జారిపడేటప్పుడు వాటికి మళ్ళీ దాదాపు పూర్తి వేగం వస్తుంది. నేల మీద గడ్డీ, ఆకుచెత్తా లేకపోతే ఆ బొట్టు బయటి చినుకు కంటే గట్టిగానే కొడుతుంది. మొక్కల సంఖ్యతో హరిత కార్యక్రమాలను కొలిచే అధికారులు ఒకసారి తోటలో వంగి నేలను చూడాలని నా కోరిక.

ఇదే కొండ మీద ఇంకో దృశ్యం బాధ కలిగించింది. గాలిమరలు నిలబెట్టడానికి కొండ నెత్తి దాకా వెడల్పాటి రోడ్లు తవ్వారు. భారీ వాహనాలు ఎక్కాలి గనుక వాలును అడ్డంగా కోసి, తవ్విన మట్టిని కిందివైపు తోసేశారు. రోడ్డు పక్క నుంచి మనిషి దిగేంత లోతు గండ్లు పడ్డాయి. కింది కుంటలోకి గులక, ఎర్రమన్ను నాలుక చాచినట్టు దిగాయి. ఊళ్ళవాళ్ళు 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. గాలి నుంచి తీసే కరెంటు దేశానికి కావాలి, అందులో నాకు అనుమానం లేదు. ఇరవై ఏళ్ళు కాచి పెంచిన గడ్డిని ‘బంజరు’ అని కాగితాల మీద రాసి తవ్వడం మాత్రం అన్యాయం. రెవెన్యూ రికార్డులో గడ్డి కొండకు విలువ లేకపోవడమే దీనికి మూలం.

అక్కడి నుంచి బుక్కపట్నం. బుక్కరాయల పేరు మోస్తున్న ఊరు, చిత్రావతి నీళ్ళతో నిండే పెద్ద చెరువు. కట్ట మీద నడిస్తే ఆనాటివాళ్ళు ఎంత నీటిని ఊహించారో తెలుస్తుంది. ఎగువ అంచు వైపు చూస్తే ఎంత మన్ను వచ్చి చేరిందో తెలుస్తుంది. నీళ్ళు ఉండాల్సిన చోట మేటలు వేసి, వాటి మీద కంపచెట్లు చిక్కగా అల్లుకున్నాయి. పూర్వం వేసవిలో చెరువు మన్ను బండ్లతో చేలకు తోలుకునేవారు. చేల నుంచి పోయిన సారమే మళ్ళీ చేలకు చేరేది, చెరువు లోతూ నిలిచేది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టిని పొలాలకు తరలించడం ఈ పాత పద్ధతికి పెద్ద ఎత్తున ఇచ్చిన రూపమే.

చెరువు పూడితే తీసుకోవచ్చు. పెద్ద జలాశయం పూడితే తీయడం దాదాపు అసాధ్యం. ఉమ్మడి జిల్లాకు దశాబ్దాలుగా ప్రాణాధారం తుంగభద్ర ఎగువ కాలువ. 1953లో తుంగభద్ర జలాశయం సామర్థ్యం 133 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో ఉన్నది 105.788 టీఎంసీలు. పూడిక మింగిన 27 టీఎంసీలకు పైచిలుకు నీళ్ళు, ఎగువ కాలువ కింద ఆంధ్రకు కేటాయించిన 32.5 టీఎంసీల కన్నా పెద్ద తక్కువేమీ కాదు. తుంగ, భద్ర పుట్టే పడమటి కనుమల్లో నేను తిరిగాను. ఆగుంబెలో ఏడాదికి 7 వేల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అనంతపురానికి పన్నెండు రెట్లకు పైనే. అక్కడ చెదరని అడవిలోంచి వచ్చే వాగులో ఆషాఢంలో కూడా అడుగు రాళ్ళు లెక్కపెట్టవచ్చు. అడవి తెగి, గనో, రోడ్డో, తోటో వచ్చిన చోట మాత్రం అదే వాన భయంకరంగా కోస్తుంది. అంత బలమైన వానను అడ్డేదేమీ లేకపోతే ఏ లెక్కా నిలవదు.

నీళ్ళూ లేక, కప్పూ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఉమ్మడి జిల్లా పడమటి అంచుకు పోవాలి. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు, గోవిందవాడ ప్రాంతంలో నడుస్తుంటే రాజస్థాన్‌లో ఉన్నామా అనిపించేంత ఇసుక దిబ్బలు. ఇది సముద్రం తెచ్చిన ఇసుక కాదు. వేదావతి, అంటే ఇక్కడివాళ్ళ హగరి, వరదల కాలంలో మోసుకొచ్చి ఏటిలో పరిచింది. ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం 1907లో పూర్తయింది. అది 1933 తర్వాత మళ్ళీ నిండి పొర్లింది 2022లోనే. ఏటి పడక ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉంటే, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలి ఆ ఇసుకను ఎత్తి చేల మీద పోస్తుంది. ఆషాఢంలో నేను వెళ్ళినప్పుడు మాట్లాడుతుంటే పళ్ళ మధ్య ఇసుక కరకరలాడింది. ఒక రైతు గట్టు మీద కంప అడ్డం కట్టి, దాని వెనక పేరుకున్న ఇసుకను పారతో లాగుతున్నాడు. గాలి ఆగేదాకా ఇదే పని అన్నాడు. ఏటి ఒడ్డున గడ్డీ, పొదలూ ఒత్తుగా ఉన్న కాస్త దూరం మాత్రం చేలు మామూలుగా పచ్చగా ఉన్నాయి.

వానల తీరు మారుతోందన్న మాట ఈ ప్రయాణంలో కలిసిన ప్రతివాళ్ళూ అన్నారు. ఎండ రోజులు ఎక్కువై, పడే వాన ఒక్కసారిగా పడడమే ఇక్కడ అసలు భయం. ఎండ గడ్డిని చంపుతుంది, ఆ తర్వాతి కుండపోత బోసి నేల మీద పడుతుంది. 2021 నవంబరు 19న పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. ప్రాణాలు పోయాయి, ఇళ్ళు పోయాయి. వార్తలు ఆగిపోయాక కూడా మిగిలిపోయింది పొలాల మీద పరుచుకున్న ఇసుక. అక్కడి రైతులకు నీళ్ళు తీసినంత త్వరగా ఆ ఇసుక తీయడం కుదరలేదు.

ఆశ కలిగించినదీ ఒకటి చూశాను. జిల్లాలో కొందరు ప్రకృతి సేద్యం రైతులు తొలకరి కోసం ఎదురుచూడకుండా ఎండాకాలంలోనే పొడి నేలలో నవధాన్యాలు చల్లుతున్నారు. గింజలకు బంకమట్టి, పేడ, బూడిద పట్టించి, పైన చెత్త పరుస్తారు. వేసవిలో పడే అడపాదడపా జల్లుకే కొన్ని మొలుస్తాయి. అసలు వాన వచ్చేనాటికి అలసంద, ఉలవ, సజ్జ పిలకలు నేలను పట్టుకుని ఉంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు చేలలో చెత్త పరిచిన దాని అడుగు తడిగా, చల్లగా ఉంది. రెండోది పొర కట్టి పగిలింది. అందరికీ ఇది కుదరదు. పశువులున్న ఇంట్లో కట్టె చేలో వదిలేయమంటే మేతకు ఎక్కడికి పోవాలి? మేకలు తిరిగే ఊళ్ళో పంట లేని నెలల్లో ఆ పిలకలను కాసేదెవరు? కల్పవల్లిలోలా ఊరంతా ఒక మాట మీద ఉంటేనే ఇది నిలుస్తుంది. ప్రభుత్వం సాయం చేయాల్సింది కూడా అక్కడే: మేతకు, కాపలా కూలికి, ఆ రెండు బోసి నెలలకు విత్తనానికి.

వచ్చే వేసవిలో మీ ఊరి చెరువులో పూడిక తీసే యంత్రాలు దిగితే, కట్ట దగ్గరే ఆగిపోకండి. చెరువుకు నీళ్ళు వచ్చే వంక పట్టుకుని గుట్ట దాకా నడవండి. అక్కడ గడ్డి ఉందా, ఎవరు కాల్చుతున్నారు, ఎవరు తవ్వుతున్నారు చూసి గ్రామసభలో అడగండి. పూడిక పనికి డబ్బు మంజూరయినప్పుడే ఆ గుట్టను కాచేవాళ్ళ కూలి కూడా అందులో రాయించండి.